కాగితం పూల చెట్టు వెనక ఒక కూలీ కూతురు



మన ఊళ్లల్లో గేటు పక్కనో, దొడ్డి కంచె మీదో కాగితం పూల చెట్టు లేని వీధి ఉండదు. కొమ్మ ముక్క పాతితే చాలు, బతుకుతుంది. రోజూ నీళ్లు పోస్తే ఆకే తప్ప పువ్వుండదు, ఎండకు కాస్త మాడితేనే విరగబూస్తుంది. మనం పూలనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మధ్యలో సన్నగా, తెల్లగా గొట్టంలా కనపడేదే అసలు పువ్వు. దాన్ని ఎవరం చూస్తాం చెప్పండి?

దీని సొంత గడ్డ దక్షిణ అమెరికా. నర్సరీల్లో బోగన్‌విల్లా అంటారు కదా, అది ఒక ఫ్రెంచి కెప్టెన్ పేరు. ఆయన 1766లో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరాడు. వెనకాల వచ్చిన రెండో ఓడలో కొమర్సన్ అనే మొక్కల పండితుడు, ఆయనకో సహాయకుడు ఉన్నారు. 1767లో బ్రెజిల్‌లోని రియో దగ్గర ఈ చెట్టు దొరికితే, పండితుడు దానికి కెప్టెన్ పేరు పెట్టాడు.

ఆ సహాయకుడు మగవాడు కాదండీ. పేరు ఝాన్ బారే. ఫ్రాన్సులో బర్గండీ వైపు ఒక పల్లెలో 1740లో పుట్టిన కూలీ కూతురు. అప్పట్లో ఆ దేశపు నౌకాదళం ఓడల్లో ఆడవాళ్లని ఎక్కనిచ్చేవాళ్లు కాదు. అందుకని మగ బట్టలు కట్టింది. తుపాకులు, తిండి మూటలు, మొక్కల్ని ఒత్తి ఆరబెట్టే పలకలు అన్నీ మోసుకుంటూ కొండలెక్కేది. కొమర్సన్ ఆమెను బరువులు మోసే గొడ్డు అనేవాడట!

ఆయనకి కాలి పుండు బాధ ఉండేది. కాబట్టి ఈ చెట్టుని ముందు చూసి కోసుకొచ్చింది ఆమేనని కొందరు చరిత్రకారులు అంటారు. కాగితం మీద రుజువైతే లేదు. నాకు మాత్రం నమ్మబుద్ధవుతుంది. చేలో తిరిగే మనిషికి కనపడేది గట్టు మీద కూర్చున్నోడికి కనపడదు కదా.

1768లో తాహితీ దీవికి చేరేసరికి గుట్టు బయటపడింది. ఇద్దరూ మారిషస్‌లో దిగిపోయారు. 1773లో కొమర్సన్ అక్కడే పోయాడు. ఆమె ఒక సిపాయిని పెళ్లాడి, తర్వాత ఫ్రాన్సు చేరింది. ప్రపంచం చుట్టొచ్చిన మొదటి ఆడమనిషి అలా అయింది, సన్మానం లేదు, సంబరం లేదు. 1785లో మాత్రం సర్కారు ఏడాదికి 200 లీవ్రుల పింఛను ఇచ్చింది. 1807లో చనిపోయింది.

కొమర్సన్ పేరు మీద డెబ్బైకి పైగా మొక్కలున్నాయి. ఒక మొక్కకి ఆమె పేరు పెట్టాలని ఆయన రాసుకున్నాడు గానీ, అది నిలవలేదు. చివరికి 2012లో ఈక్వడార్, పెరూ కొండల్లో పెరిగే ఒక తీగకి శాస్త్రవేత్తలు ఆమె పేరు పెట్టారు. మన వంగ, టమాటా, ఆలుగడ్డల జాతిదే. అప్పటికి ఆమె పోయి 205 ఏళ్లు.