తర్కపరిభాష – తెలుగులో అర్థపరిణామం

'అనుమానం ప్రమాణం' అన్న వాక్యం తర్కశాస్త్ర పరిచయం లేని తెలుగు విద్యార్థికి పొంతన లేని మాటగా తోస్తుంది. వ్యవహారంలో అనుమానమంటే సందేహం, ప్రమాణమంటే ఒట్టు. శాస్త్రంలో మాత్రం హేతువును బట్టి నిర్ణయించడం యథార్థజ్ఞానానికి సాధనమని దాని భావం. పదం ఒకటే అయినా అర్థాలు దాదాపు ఎదురెదురుగా నిలిచాయి. ఈ దూరాన్ని మూడు పదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు ఆకరం అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన ఈయన 17వ శతాబ్దివాడు. న్యాయ, వైశేషిక సిద్ధాంతాలను సమన్వయించి, 7 పదార్థాలను, 4 ప్రమాణాలను ప్రారంభవిద్యార్థులకోసం సంస్కృతంలో వివరించాడు. దానికి దీపిక అనే వ్యాఖ్యను కూడా తానే రచించాడు.

మొదటి పదం అనుమానం. పొగను బట్టి కొండపై నిప్పున్నదని తెలుసుకొనే ప్రసిద్ధోదాహరణలో కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియత సాహచర్యం వ్యాప్తి. అట్టి పొగ ఈ కొండపై ఉన్నదన్న జ్ఞానం పరామర్శ. దానివల్ల కలిగేది అనుమితి. అనుమితికి కరణం అనుమానం. సందేహానికి శాస్త్రం పెట్టిన పేరు సంశయం. అది అయథార్థానుభవాలలో ఒకటి. వ్యవహారంలో వ్యాప్తినిశ్చయమన్న నియమం సడలి, గుర్తును బట్టి చేసే ఊహ మాత్రమే మిగిలి, ఆ ఊహలోని అనిశ్చయమే ప్రధానార్థమై ఉండాలి. ఆధారాలను బట్టి ఒకరిని 'అనుమానితుడు' అనే నేటి ప్రయోగంలో పాత అర్థచ్ఛాయ కొంత కనిపిస్తుంది.

రెండవది ఉపాధి. నిప్పును హేతువుగా చూపి పొగను సాధించబోతే ఆ హేతువు చెడుతుంది. కాగిన ఇనుపగుండులో నిప్పున్నా పొగ లేదు. పచ్చికట్టె తోడైనప్పుడే పొగ పుడుతుంది. సాధ్యాన్ని వ్యాపిస్తూ సాధనాన్ని వ్యాపించని ఈ అదనపు నియమమే ఉపాధి. అంటే తర్కంలో ఉపాధి హేతువుకు దోషం తెచ్చేది. వేదాంతంలో అది ఆత్మను పరిమితంగా తోపింపజేసే దేహాదులకు పేరు. తెలుగులో దేహార్థంతోపాటు జీవనాధారమన్న అర్థం వ్యాపించింది. దేహం ఆత్మకు ఆశ్రయమైనట్లు పని దేహానికి ఆశ్రయమన్న భావం ఈ రెండింటికీ వంతెన కావచ్చు.

మూడవది నిగమనం. దీని మార్పు జనవ్యవహారంలో కాక ఆధునిక పాఠ్యపుస్తకాల్లో జరిగింది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే 5 అవయవాలలో ఇది చివరిది. నేడు పాశ్చాత్య తర్కంలోని ఒక పద్ధతి మొత్తానికి ఈ పేరు పెట్టి, దాని ప్రతిపక్షాన్ని ఆగమనమన్నారు. అయితే న్యాయవాక్యంలోని ఉదాహరణావయవం వంటిల్లు వంటి దృష్టాంతాన్నీ, సాధారణ నియమాన్నీ కలిపే చెబుతుంది. నిగమన, ఆగమన విభజన దానికి చక్కగా అతకదు. పేరు సామ్యాన్ని నమ్మి న్యాయశాస్త్రాన్ని చదివినవారికి లేని విభజన కనిపిస్తుంది.

కాబట్టి శాస్త్రగ్రంథాల పరిష్కర్తలూ, నిఘంటుకర్తలూ శాస్త్రార్థాన్ని, వ్యవహారార్థాన్ని, ఆధునిక పారిభాషికార్థాన్ని విడివిడిగా సూచించడం అవసరం. తెలియని పదం దగ్గర పాఠకుడు ఆగి నిఘంటువు చూస్తాడు; తెలిసినదనుకొన్న పదం దగ్గర ఆగడు. తర్కపరిభాష విషయంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.