పతకం కంటికి ఆనని పని
పురిటి గదిలోనూ పసిపిల్లల వార్డులోనూ ప్రతిభను గుర్తించడంపై ఒక పరిశీలన

ఆత్మకూరు దాటి దోర్నాల దారి పట్టగానే నల్లమల మొదలవుతుంది. బైర్లూటి, నాగలూటి లాంటి చెంచు గూడేలు ఆ అడవిలోనివే. అక్కడ ఒక గర్భిణికి రక్తం తక్కువగా ఉందని ఏఎన్‌ఎం ముందే పసిగట్టిందనుకుందాం. ఐరన్‌ మాత్రలు మింగుతోందో లేదో గుడిసెకెళ్లి చూసుకుంది, నొప్పులు రాకముందే నచ్చజెప్పి ఆసుపత్రికి చేర్చింది. ఇందులో వార్త ఏమీ లేదు. అదే ఏఎన్‌ఎం నడిరాత్రి వాగు దాటి వెళ్లి జీపులో కానుపు చేస్తే పేపర్లో ఫొటో పడుతుంది, వేదిక మీద శాలువా కప్పుతారు. వైద్యం లెక్కన చూస్తే మొదటిదే మేలైన సేవ. సన్మానం మాత్రం రెండోదాన్ని వెతుక్కుంటూ పోతుంది.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని తెలుగు సామెత. ఇందులో ఆమె నేర్పు ఊసే లేదు. కాదనడానికి వీల్లేని నీచపు పని అన్న చూపు మాత్రం ఉంది. పల్లెల్లో ఆ పని ఎక్కువగా మంగలి, చాకలి, మాదిగ కుటుంబాల ఆడవాళ్లది. చేటెడు బియ్యం, ఓ పాత చీర ఇచ్చి పంపితే రుణం తీరినట్టే.

ఆ రుణాన్ని దేశం కాస్త గట్టిగా గుర్తుచేసుకున్న సందర్భం ఒకటుంది. కర్ణాటకలోని పావగడ తాలూకాకు చుట్టూ చాలావరకు ఆంధ్ర నేలే. అక్కడి కృష్ణాపురంలో నరసమ్మ అనే మంత్రసాని ఉండేది. కన్నడంలో మంత్రసానిని సూలగిత్తి అంటారు. ఆ మాటే ఆమె పేరు ముందు చేరి సూలగిత్తి నరసమ్మ అయింది. 1920లో పుట్టింది, బడి ముఖం చూడలేదు, పన్నెండేళ్లకే పెళ్లయింది. కన్న పన్నెండు మందిలో నలుగురు పసితనంలోనే పోయారు. పని నేర్పింది అవ్వ మారిగమ్మ. 1940లో తొలి కానుపు చేసిన ఆ చేతులు, మరో డెబ్బై ఏళ్లకు పైగా ఆగలేదు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడాది డిసెంబరు 25న ఆమె కన్నుమూసింది.

ఆమె గురించి రాసిన వాళ్లందరూ ఎత్తుకునే అంకె ఒకటే: పదిహేను వేలకు పైగా కానుపులు. అంకె గొప్పదే, అనుమానం లేదు. అయితే కడుపులో బిడ్డ ఎలా తిరిగి ఉందో చేత్తో తడిమి ఎలా చెప్పగలిగేది, ఏ కానుపును తన చేతి మీద ఉంచుకునేది, దేన్ని ఆసుపత్రికి పంపేది? పరిశోధకుడికి కావలసిన సరుకు అదీ. ఆ వివరం ఆమెతోనే చాలావరకు పోయింది.

ఆ ఏటి పద్మశ్రీ జాబితాలోనే గడ్చిరోలికి చెందిన డాక్టర్లు అభయ్‌ బంగ్‌, రాణీ బంగ్‌ కూడా ఉన్నారు. మన తెలంగాణకు ఆనుకున్న జిల్లా అది. అక్కడ 39 గ్రామాల్లో స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే నవజాత శిశువులను చూసుకునే పద్ధతిని వారు పరీక్షించారు. మూడో ఏడాదికి, పోల్చి చూసిన ఇతర గ్రామాలకంటే నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌ పత్రికలో ప్రకటించారు. ఇవాళ ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడటానికి మూలం ఆ ప్రయోగమే. బిరుదు డాక్టర్లకు న్యాయంగానే దక్కింది. బిడ్డను తూచి, ఒళ్లు చల్లబడిందేమో తాకి చూసి, చీటీలో రాసుకున్న ఆ ఊళ్ల ఆడవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

నర్సుల కోసం ప్రత్యేకించిన పురస్కారం లేకపోలేదు. కేంద్ర ఆరోగ్యశాఖ 1973లో జాతీయ ఫ్లోరెన్స్‌ నైటింగేల్‌ అవార్డులను నెలకొల్పింది. 2023 జూన్‌ 22న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ఈ అవార్డు అందుకున్నవారిలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏఎన్‌ఎం తేజావత్‌ సుశీల ఒకరు. ఛత్తీస్‌గఢ్‌ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసీల మధ్య ఆమె పనిచేశారు. ఆసుపత్రి మెట్లెక్కని జనాన్ని ఎక్కేలా చేయడమే అక్కడ అసలు నైపుణ్యం. చెంచు గూడేల్లో తిరిగే ఏఎన్‌ఎంలకు ఈ ఎంపిక దగ్గరగా తోచడంలో వింతేమీ లేదు.

పసిపిల్లల వార్డులో పని మరీ గుట్టుగా సాగుతుంది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలను పుట్టగానే తల్లి ఎదకు ఆనించి ఉంచితే ఏమవుతుందో ఐదు దేశాల్లోని ఆసుపత్రుల్లో పరీక్షించారు. మన దేశం తరఫున ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌ ఆసుపత్రి పాల్గొంది. నిలకడపడ్డాక ఎదకు ఆనించే పాత పద్ధతిలో మరణాలు 15.7 శాతం, పుట్టగానే ఆనిస్తే 12 శాతం అని 2021లో ఫలితాలు వచ్చాయి. ఈ తేడా తెచ్చేది యంత్రం కాదు. పురిటి నొప్పుల అలసటలో ఉన్న తల్లికి ధైర్యం చెప్పి, బాలింతకు గాలి తగులుతుందని అడ్డుపడే అత్తగారికి నచ్చజెప్పి, గంటగంటకూ బిడ్డ ఊపిరి చూసే నర్సు. ఇలాంటి పని చెయ్యి తిరిగేకొద్దీ పదునెక్కుతుంది. శిక్షణ పొందిన నర్సును ఆర్నెల్లకే మరో వార్డుకు మారిస్తే ఆ పదును వృథా. ఎక్కువకాలం అదే వార్డులో ఉంచడం కూడా ఒక గుర్తింపేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం, శాలువాకంటే మేలైనది కూడా.

2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య పథకం మరో దారి పట్టింది. పురిటి గదిని తనిఖీ చేసి మార్కులు వేస్తారు, గీటురాయి దాటిన ఆసుపత్రికి సర్టిఫికెట్టు, నగదు ప్రోత్సాహకం ఇస్తారు. ఒక్కరి సాహసాన్ని మెచ్చుకోవడం మాని జట్టు పనిని చూడటం ఇందులో మంచి మార్పు. గోడకు వేలాడే ఆ సర్టిఫికెట్టులో మాత్రం మనుషుల పేర్లుండవు.

ఇక మిడ్‌వైఫ్‌ సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కానుపులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, సిజేరియన్లు 42.4 శాతం. తెలంగాణలో సిజేరియన్లు ఏకంగా 60.7 శాతం. ఆసుపత్రికి చేర్చడమనే పాత లక్ష్యం దాదాపు తీరింది. అక్కర్లేని కోత తప్పించడమనే కొత్త లక్ష్యం ముందుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదులోని ఫెర్నాండెజ్‌ ఫౌండేషన్‌ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. నొప్పులు పడే తల్లిని తొందరపెట్టకుండా పక్కనే కూర్చోవడం, నడిపించడం, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలిసి ఉండటం వీళ్ల విద్య. వీళ్లు బాగా పనిచేసిన రోజున ఆపరేషన్‌ థియేటర్‌ రిజిస్టరులో ఒక వరుస ఖాళీగా మిగులుతుంది. జాతీయ నైటింగేల్‌ అవార్డులు ఏఎన్‌ఎం, ఎల్‌హెచ్‌వీ (లేడీ హెల్త్‌ విజిటర్‌), నర్సు అనే వర్గాల కింద ఇస్తున్నారు. ఆ ఖాళీ వరుసను చూపించి దరఖాస్తు చేయాలనుకునే మిడ్‌వైఫ్‌ తన హోదా ఎదుట ‘నర్సు’ అనే రాసుకోవాలి.