చల్లగాలి గొట్టానికి పూర్వీకుడు వేడిగాలి గొట్టం

స్పోర్ట్స్ కార్ల కోసం బయటి కంపెనీలు అమ్మే చల్లగాలి ఇన్‌టేక్ కిట్ల పుట్టుక వెతుక్కుంటూ వెళితే ముందు ఎదురయ్యేది వేడిగాలి గొట్టం. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి ఇంజన్‌లో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని ఆనుకుని ఒక రేకు గొట్టం ఉండేది. మానిఫోల్డ్ సెగకి కాగిన గాలిని అది కార్బురేటర్‌కి చేరవేసేది. ఎయిర్ ఫిల్టర్ అన్నదే లేదు. రోడ్డు మీది దుమ్ము నేరుగా లోపలికే. ఆనాటి పెట్రోలు సులువుగా ఆవిరయ్యే రకం కాదు. చల్లటి గాలి తగిలితే తుంపరలుగానే మిగిలి గోడలకి అంటుకుపోయేది. పైగా పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది కాబట్టి, తేమగా ఉన్న చలి రోజున కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుని ఇంజన్ ఆగిపోయే ప్రమాదమూ ఉండేది. ఇరవై హార్స్‌పవర్ బండికి గాలి ఎంత చిక్కగా ఉందన్నది ఎవరికీ పట్టలేదు, ఇంజన్ ఆగకుండా తిరిగితే చాలు. ఇప్పటి కిట్లని పోల్చేవాళ్లు ఇక్కడినుంచి మొదలుపెట్టడం మంచిది. చల్లగాలి అన్ని కాలాలకీ వర్తించే సూత్రమేం కాదు, ఒక కాలపు కార్లకి ఉన్న ఒక ఇబ్బందికి విరుగుడు. ఆ ఇబ్బంది చాలావరకు తీరిపోయింది, విరుగుడు అమ్మకం మాత్రం ఆగలేదు అన్నది నా వాదన.

గాలి చిక్కదనాన్ని లెక్కలోకి తెచ్చింది రేసుల వాళ్లు. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకి కాగితే, అంతే చోటులో పట్టే గాలి బరువు సుమారు 9 శాతం తగ్గుతుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గించాలి, శక్తీ తగ్గుతుంది. 1960ల అమెరికన్ కార్లలో గుండ్రటి ఎయిర్ క్లీనర్ కార్బురేటర్ నెత్తిమీద కూర్చుని, రేడియేటర్‌ని దాటి వచ్చిన వేడిగాలినే పీల్చేది. దీన్ని సరిచెయ్యడానికి కంపెనీలు పడిన పాట్లు చూడముచ్చటగా ఉంటాయి. 1966లో ఓల్డ్స్‌మొబైల్ 442కి డబ్ల్యూ-30 అనే ప్యాకేజీ ఇచ్చారు. కారు ముందు భాగం నుంచి కార్బురేటర్ల దాకా లావుపాటి గొట్టాలు వేశారు. వాటికి చోటు చాలక బ్యాటరీని డిక్కీలోకి మార్చారు. 1968లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ 428 కోబ్రా జెట్‌లో బానెట్ మీది స్కూపు కింద, ఎయిర్ క్లీనర్ మూతలో ఒక చిన్న తలుపు పెట్టారు. మామూలుగా నడిపేటప్పుడు అది మూసే ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పడిపోయి తలుపు తెరుచుకుంటుంది, బయటి గాలి నేరుగా దిగుతుంది. 1969లో స్కూపుని ఇంజన్‌కే బిగించి, బానెట్‌కి కోసిన కంతలోంచి పైకి కనిపించేలా చేశారు. ఇంజన్‌తో పాటు అదీ ఊగేది, అందుకే షేకర్ అన్నారు. అదే ఏడాది మస్టాంగ్ మాక్ 1 కొన్నవాళ్లు, ఇలా బయటి గాలి తెచ్చే రామ్ ఎయిర్ ఆప్షన్ తీసుకోకపోతే బానెట్ మీద ఉత్తుత్తి స్కూపు వచ్చేది. గాలి దూరని స్కూపుకీ గిరాకీ ఉంటుందని ఫోర్డ్‌కి అప్పటికే తెలుసన్నమాట.

రామ్ ఎయిర్ అన్న పేరులో ఉన్నంత బలం ఆ గాలిలో లేదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి స్కూపులో పెంచగల ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. 200 కిలోమీటర్ల వేగంలోనూ రెండు శాతానికి లోపే. ఆ స్కూపులు చేసిన మేలు గాలిని తొయ్యడం వల్ల వచ్చింది కాదు, బానెట్ కింద కాగిన గాలిని తప్పించడం వల్ల వచ్చింది. తమాషా ఏమిటంటే, అదే కాలంలో పొగ నిబంధనలు బిగుసుకుని మామూలు కార్లలోకి మోడల్ టి గొట్టం మళ్లీ వచ్చింది. ఇంజన్ వేడెక్కేదాకా ఎగ్జాస్ట్ పక్కనుంచి వేడిగాలిని పీల్చి, తర్వాత థర్మోస్టాట్ సాయంతో చల్లగాలికి మారే ఎయిర్ క్లీనర్లు 1970ల్లో ఇంటింటి సంగతి. కార్బురేటర్ ఉన్నంతకాలం వేడిగాలితో పూర్తిగా తెగతెంపులు కుదరలేదు.

ఆ బంధం తెంచింది ఫ్యూయల్ ఇంజెక్షన్. 1986లో మస్టాంగ్ 5.0కి దాని మల్టీపోర్ట్ రకం వచ్చింది. పెట్రోలుని వాల్వు దగ్గరే సన్నటి తుంపరగా చిమ్ముతుంటే, దారి పొడవునా గాలిని వేడిచేసే పనే లేదు. ఫిల్టర్ డబ్బా కార్బురేటర్ నెత్తిమీదనుంచి దిగి పక్కకి జరిగింది, దాని మూతి ఫెండర్ లోపలికి వెళ్లింది. అక్కడ చప్పుడు తగ్గించడానికి పెట్టిన ప్లాస్టిక్ సైలెన్సర్‌ని పీకెయ్యడం 5.0 కుర్రాళ్లకి పైసా ఖర్చులేని మొదటి మార్పు అయింది. 1988లో కాలిఫోర్నియా కార్లకి, 1989లో మిగతా అమెరికా కార్లకి గాలి బరువుని కొలిచే మాస్ ఎయిర్ సెన్సర్ వచ్చింది. దాంతో కొంతవరకు మార్పులు చేసినా ఇంజన్ సర్దుకుపోయేది. బయటి కంపెనీల వ్యాపారం పుంజుకున్నది ఆ తర్వాతే. ఉతికి మళ్లీ వాడుకునే నూనె పట్టించిన నూలు ఫిల్టర్లని 1969లో మొదలైన కె అండ్ ఎన్ అప్పటికే అమ్ముతోంది. 1987లో కాలిఫోర్నియాలో పెట్టిన ఏఈఎం 1990ల్లో హోండా సివిక్, ఇంటెగ్రాలకి మెరిసే పొడుగాటి గొట్టాల కిట్లు తెచ్చింది. ఆ హోండాల్లో చాలావాటికి ఫ్యాక్టరీ ఇచ్చిన స్టాక్ డబ్బా అప్పటికే ఫెండర్ లోంచి బయటి గాలినే పీలుస్తోంది. వేడిగాలి సమస్యని ఫ్యాక్టరీ తీర్చేసిన రోజుల్లోనే చల్లగాలి కిట్టు జనంలోకి వెళ్లింది.

దీనికి ఎవరైనా వెంటనే అడిగేది హార్స్‌పవర్ కొలిచే డైనో యంత్రం ఇచ్చిన కాగితం గురించే: కిట్టు పెట్టాక పది హార్స్‌పవర్ పెరిగినట్టు యంత్రమే చూపిస్తుంటే కాదంటారా? పెరుగుదల నిజమే కావచ్చు, కారణం చల్లదనమేనా అన్నది ప్రశ్న. మాస్ ఎయిర్ సెన్సర్‌లో సన్నటి తీగ ఒకటి వేడిగా ఉంటుంది. పారే గాలి దాన్ని ఎంత చల్లబరుస్తోందో చూసి కంప్యూటర్ గాలి బరువుని లెక్కకడుతుంది. ఆ లెక్క ఫలానా గొట్టం వ్యాసానికే సరిపోతుంది. 80 మిల్లీమీటర్ల గొట్టం తీసి 90ది పెడితే అదే గాలి ఇంకాస్త నెమ్మదిగా పారుతుంది, సెన్సర్ అయిదో వంతు తక్కువ గాలి వచ్చిందనుకుంటుంది. పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో కంపెనీలు ఇంజన్ భద్రత కోసం పెట్రోలు కాస్త ఎక్కువే పోసేలా పెడతాయి కాబట్టి, ఆ ఎక్కువ తగ్గగానే శక్తి కొంచెం పెరుగుతుంది. దాన్ని గొట్టం ఖాతాలో రాసుకుంటారు. కంప్యూటర్ లెక్కని సరిచేసే రీమ్యాప్ చెయ్యకుండా ఆ కారుని మండుటెండలో అలాగే తోలితే నాకింగ్ రావచ్చు. ఇంకొకటి, డైనో మీద చాలామంది బానెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి పరీక్షిస్తారు. ఓపెన్ కోన్ ఫిల్టర్‌కి అంతకన్నా అనుకూలమైన వాతావరణం రోడ్డు మీద ఎక్కడా దొరకదు.

ఫోర్డ్ తానే ఇలాంటి కిట్టు అమ్ముతోంది కదా అన్నది దీనికన్నా గట్టి అభ్యంతరం. 2015 తర్వాతి మస్టాంగ్ జీటీకి ఫోర్డ్ పర్ఫార్మెన్స్ తెచ్చిన పవర్ ప్యాక్‌లో ఇన్‌టేక్ ఉంది. దానితోపాటు పెద్ద థ్రాటిల్ బాడీ, కొత్త ఇంజన్ ప్రోగ్రాము కూడా ఉన్నాయి. మూడూ కలిస్తేనే లాభం, అందులో గొట్టం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఫ్యాక్టరీ డబ్బా నిర్దోషి అని నేను అనడం లేదు. చప్పుడు పరిమితులు, ఫిల్టర్ మన్నిక, వాన నీళ్లు అన్నీ చూసుకుని చేసిన రాజీ అది. సూపర్‌చార్జర్ బిగించి గాలి అవసరాన్ని ఒకటిన్నర రెట్లు చేసినవాళ్లకి ఆ డబ్బా నిజంగానే ఇరుకు. అక్కడ పెద్ద గొట్టం కొనడంలో తప్పులేదు. స్టాక్ ఇంజన్ మీద ట్యూన్ లేకుండా బిగించే కిట్టు గురించే నా పేచీ.

కిట్ల మధ్య పోలికలో ఎక్కువ రభస గొట్టం దేనితో చేశారన్నదాని గురించి జరుగుతుంది: అల్యూమినియం వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మేలు అని. 5 లీటర్ల ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో సెకనుకి సుమారు 250 లీటర్ల గాలి పీలుస్తుంది. 9 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టంలోంచి ఆ గాలి సెకనులో అరవయ్యో వంతు కాలంలో దాటిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో లోహం దాన్ని పెద్దగా వేడిచెయ్యలేదు. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వేడెక్కుతుంది, కానీ అక్కడ హార్స్‌పవర్ అడిగేవాళ్లు లేరు. ఫిల్టర్ ఎక్కడ కూర్చుంది, చుట్టూ మూత ఉందా అన్నవి అసలు చూడాల్సినవి. రేకు అడ్డం మాత్రమే పెట్టి బానెట్ కింద వదిలేసిన కోన్, 1960ల ఎయిర్ క్లీనర్ పీల్చిన గాలినే పీలుస్తుంది. మూసిన డబ్బాలో ఉన్నది స్టాక్ డబ్బాకి దగ్గరి చుట్టం. బంపర్ వెనక కిందికి దించిన పొడుగు గొట్టం అసలైన చల్లగాలి తెస్తుంది, లోతైన గుంట దొరికితే నీళ్లూ తెస్తుంది. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఈ ఫిర్యాదులకే ఏఈఎం గొట్టం మధ్యలో బైపాస్ వాల్వు అమ్మాల్సి వచ్చింది. జూలై వానలో హైదరాబాద్ అండర్‌పాస్ దాటేవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. దుమ్ము మాట కూడా అడగాలి. ఐఎస్ఓ 5011 పరీక్ష గాలికి ఎంత అడ్డు, దుమ్ము ఎంత ఆపింది, ఎంత దుమ్ము పట్టింది అని మూడూ కొలుస్తుంది. ప్రకటనల్లో సాధారణంగా మొదటిదే కనిపిస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కాలిఫోర్నియా రోడ్ల మీద కిట్టు చెల్లాలంటే దానికి అక్కడి గాలి నియంత్రణ మండలి ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన కొలతలు దాటే మార్పులని ఒప్పుకోదు.

చప్పుడు కోసం కొనేవాళ్లతో నాకు తగాదా లేదు. ఆ చప్పుడు అబద్ధం కాదు. చప్పుడు తగ్గించే రెజొనేటర్ డబ్బా తీసేస్తే గాలి పీల్చే గుర్రుమనే శబ్దం క్యాబిన్‌లోకి వస్తుంది, కారు చురుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. టొయోటా 86లో కంపెనీయే ఇన్‌టేక్ శబ్దాన్ని క్యాబిన్‌లోకి పంపే చిన్న గొట్టం పెట్టింది, ఒక్క హార్స్‌పవర్ కూడా పెంచకుండా. శక్తి కోసమే కొనేవాళ్లు కిట్టుని ఇంకో కిట్టుతో కాకుండా ముందు స్టాక్ డబ్బాతో పోల్చాలి, అదీ బానెట్ మూసి, రోడ్డు మీద. 1996 తర్వాతి అమెరికన్ కార్లన్నిటికీ ఉన్న ఓబీడీ-2 సాకెట్‌లో చవక రీడర్ ఒకటి పెడితే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత కనిపిస్తుంది. కారు పరుగులో ఉండగా స్టాక్ డబ్బాలో గాలి బయటికన్నా అయిదు డిగ్రీలే ఎక్కువుంటే, ఏ కిట్టయినా తగ్గించగలిగింది ఆ అయిదే. గాలి ఇంజన్ లోపలి గోడలు తగిలి ఎలాగూ వేడెక్కుతుంది కాబట్టి, ఎస్ఏఈ జె1349 ప్రమాణం ఉష్ణోగ్రత ప్రభావాన్ని వర్గమూలంలో లెక్కిస్తుంది. ఆ ప్రకారం అయిదు డిగ్రీల తేడా విలువ ఒక శాతానికి లోపు. 460 హార్స్‌పవర్ మస్టాంగ్ జీటీలో అది అయిదుకి మించదు.