మట్టి నల్లబడిన కథ: భారతదేశపు నల్ల కుండల చరిత్ర

చరిత్ర అనగానే మనకు శాసనాలు, నాణేలు, కోటలు గుర్తుకు వస్తాయి. కానీ పురావస్తు తవ్వకాలలో అన్నిటికంటె ఎక్కువగా దొరికేవి కుండపెంకులు. ఇనుము తుప్పు పడుతుంది, బట్ట కుళ్ళిపోతుంది, రాగిని కరిగించి మళ్ళీ వాడుకుంటారు. కాల్చిన మట్టి మాత్రం వేల ఏళ్ళయినా పాడవదు. అందుకే లిపి లేని కాలాలకు కుండపెంకే శాసనం. ఈ పాఠంలో అలాంటి ఒక శాసనాన్ని, అంటే నల్ల కుండను, చదవడం నేర్చుకుందాం.

ఒకే మట్టి, రెండు రంగులు

ముందుగా ఒక ప్రశ్న. మన ఊరి కుమ్మరి ఆవంలో కాలిన కుండ ఎర్రగా ఉంటుంది. ఆ మట్టితోనే నల్ల కుండ చేయాలంటే రంగు కలపాలా? అవసరం లేదు. గాలిని అదుపు చేస్తే చాలు.

బంకమట్టిలో సాధారణంగా ఇనుము కొంత ఉంటుంది. మంటకు గాలి ధారాళంగా అందితే ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని ఫెర్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఇదే హెమటైట్. ఇది ఆక్సీకరణం. ఆవం మూసి గాలిని ఆపేస్తే కట్టె సగం మాత్రమే కాలి పొగ, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. ఆక్సిజన్ కోసం వెతుకుతున్న ఈ వాయువు మట్టిలోని ఐరన్ ఆక్సైడ్ నుంచే దాన్ని లాక్కుంటుంది. అప్పుడు ఎర్రని హెమటైట్ నల్లని మాగ్నటైట్‌గా మారుతుంది. ఇది క్షయకరణం. దీనితోపాటు పొగలోని సన్నని మసి కుండ గోడలోని సూక్ష్మ రంధ్రాలలోకి చేరి అక్కడే నిలిచిపోతుంది. నలుపుకు ఈ రెండూ కారణాలే. ఏది ఎంత అనేది మట్టినిబట్టి, కాల్చిన తీరునుబట్టి ఉంటుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. కుండ వేడిగా ఉండగానే ఆవం తెరిస్తే గాలి తగిలి మసి కాలిపోతుంది, నలుపు పోతుంది. కాబట్టి కాల్చడం ఎంత ముఖ్యమో, ఓపికగా చల్లారనివ్వడం అంత ముఖ్యం.

లోపల నలుపు, బయట ఎరుపు

ఈ సూత్రం పేరు తెలియకపోయినా దాని పని మన పూర్వులకు బాగా తెలుసు. తెలుగు పల్లెల్లో ‘రాక్షసగుళ్ళు’ అని పిలిచే పెద్ద రాళ్ళ సమాధులను మీలో కొందరు చూసే ఉంటారు. ఇవి ఇనుపయుగం నాటి బృహత్ శిలా సమాధులు. నాగార్జునకొండ, ఏలేశ్వరం మొదలైన చోట్ల ఇలాంటి సమాధులలో ఇనుప పనిముట్లతోపాటు, లోపలి భాగమూ అంచూ నల్లగా, కింది బయటి భాగం ఎర్రగా ఉన్న పాత్రలు దొరికాయి. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో జరిపిన తవ్వకాలు వీటి అధ్యయనానికి ఒక క్రమాన్ని ఇచ్చాయి.

ఒకే పాత్రకు రెండు రంగులు ఎలా వచ్చాయి? ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది: పాత్రను బోర్లించి, మూతిని ఊకలోనో బూడిదలోనో కూరి కాల్చారు. లోపలికి గాలి అందక అక్కడ క్షయకరణం, బయట గాలి తగిలి ఆక్సీకరణం జరిగాయి.

ఇక్కడ చరిత్ర విద్యార్థి తొందరపడకూడదు. ఇలాంటి పాత్రలు రాజస్థాన్‌లోని ఆహార్‌లో ఇనుపయుగానికి ఎంతో ముందే, తామ్రశిలాయుగంలోనే ఉన్నాయి. కాబట్టి ఒకే రంగు కుండలు కనిపించిన చోటల్లా ఒకే జాతి ప్రజలు నివసించారని చెప్పలేం. పద్ధతి ఒకరి నుంచి ఒకరికి పాకవచ్చు, వేర్వేరు చోట్ల విడిగానూ పుట్టవచ్చు.

అద్దంలా మెరిసిన నలుపు

నల్ల కుండల చరిత్రలో శిఖరం ‘ఉత్తరభారత మెరుగు నల్ల పాత్రలు’. స్థూలంగా క్రీ.పూ. 700 నుంచి క్రీ.పూ. 100 వరకు ఇవి వాడుకలో ఉన్నాయి. అంటే బుద్ధుడు, మహావీరుడు నడిచిన కాలం, మగధ ఎదిగిన కాలం, మౌర్యుల కాలం. బాగా వడకట్టిన మెత్తని మట్టిని వేగంగా తిరిగే సారెపై పలుచగా తీశారు. వేలితో మీటితే ఈ పాత్రలు లోహంలా మోగుతాయి. నలుపులోనే కొన్నింటికి ఉక్కు రంగు, కొన్నింటికి బంగారు రంగు మెరుపు.

1913-34 మధ్య జాన్ మార్షల్ తక్షశిలలో తవ్వినప్పుడు ఈ పెంకులు కనిపించాయి. ఆయన వీటిని గ్రీకుల నల్ల పాత్రలతో ముడిపెట్టారు. ఇంత నైపుణ్యం బయటనుంచి వచ్చి ఉంటుందన్న ఊహ ఆ రోజుల్లో సులభంగా పుట్టేది. తరువాత గంగా మైదానంలో కౌశాంబి, రాజగృహం, శ్రావస్తి వంటి చోట్ల ఇవి విస్తారంగా దొరికాయి. వీటి పుట్టిల్లు గంగా తీరమని స్పష్టమైంది. 1946లో వీలర్, కృష్ణదేవ రాసిన వ్యాసంతో ఇప్పటి పేరు స్థిరపడింది. నేటి బంగ్లాదేశ్‌లోని మహాస్థాన్‌గఢ్ వరకు, దక్షిణాన మన అమరావతి వరకు ఈ పెంకులు దొరికాయి. వర్తకులు, భిక్షువులు, అధికారులు తిరిగిన దారులను ఇవి మనకు చూపుతున్నాయి. పగిలిన పాత్రలను రాగి తీగతో కుట్టి మళ్ళీ వాడుకున్న ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. మట్టి పాత్రను రాగితో అతికించుకున్నారంటే దాని విలువ ఎంతో ఊహించండి!

ఈ మెరుపు గాజుపూత కాదు. గాజుపూతలో ఇసుకలోని సిలికా, దాన్ని త్వరగా కరిగించే క్షారాలు కలిసి, మంటలో కరిగి, గాజుపొరగా గట్టిపడతాయి. ఇక్కడ వాడినది చాలా మెత్తని మట్టి తేట. పాత్ర ఆరుతున్నప్పుడు ఆ పూతను నున్నని రాయితో రుద్దితే, పలకల్లాంటి మట్టి రేణువులు ఒకే వరుసలో సర్దుకుంటాయి. చదునైన తలం కాంతిని అద్దంలా తిప్పి పంపుతుంది. ఆ కచ్చితమైన నలుపు ఇనుము వల్లనా, కార్బన్ వల్లనా అని రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు.

నేటికీ బతికి ఉన్న విద్య

ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా నిజామాబాద్‌లో నేటికీ నల్ల పాత్రలు చేస్తున్నారు. ఔరంగజేబు కాలంలో గుజరాత్ నుంచి వచ్చిన కుమ్మరులు ఈ విద్యను తెచ్చారని అక్కడి సంప్రదాయ కథనం. సారెపై చేసిన పాత్రకు ‘కాబిజ్’ అనే మట్టి పూత పూసి, ఆవనూనెతో మెరుగుపెట్టి, పదునైన పుల్లతో పూలూ తీగలూ గీస్తారు. తరువాత మూసిన ఆవంలో ఊక, పిడకల పొగలో కాలుస్తారు. చివరగా గీతలలో వెండి రంగు పొడి నింపుతారు. 2015లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. మణిపూర్‌లోని లోంగ్‌పీలో తాంగ్‌ఖుల్ నాగాలు సర్పెంటైన్ రాతిపొడిని మట్టిలో కలిపి, సారె లేకుండా చేతితోనే నల్ల వంటపాత్రలు చేస్తారు.

నిజామాబాద్ వెండి పొడి గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఇందులో జింకుతోపాటు పాదరసం వాడుతూ వచ్చారు. పాదరసం గది ఉష్ణోగ్రతలోనే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి నరాలకు, మూత్రపిండాలకు హాని చేస్తుంది. చూసి మురిసిపోయే మనకంటె, రోజూ దాన్ని వేళ్ళతో రుద్దే కళాకారుడికే ప్రమాదం ఎక్కువ. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు ఉద్దేశించిన మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. పాదరసం లేకుండానే అంత వెండి మెరుపు ఇచ్చే పొడిని తయారుచేయడం మీలాంటి రసాయనశాస్త్ర విద్యార్థులు చేపట్టదగిన పని. కళను కాపాడడమంటే కళాకారుడి ఆరోగ్యాన్ని కాపాడడం కూడా.

నల్ల పెంకు మనకు మూడు విషయాలు చెబుతుంది. చేసినవాడికి నిప్పును, గాలిని అదుపు చేయడం తెలుసు. వాడినవాడికి దాని విలువ తెలుసు. ఆ పాత్ర ఎంతో దూరం ప్రయాణించింది. చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ పేరులేని పనివాడి తెలివిని గుర్తించడమే ఈ పాఠం ఉద్దేశం.

ఆలోచించండి

1. వేడి తగ్గకముందే ఆవం తెరిస్తే నల్ల కుండ ఎందుకు పాడవుతుంది?
2. ఒకే రకం కుండలు రెండు ప్రాంతాలలో దొరికితే అక్కడ ఒకే ప్రజలు నివసించారని నిర్ధారించవచ్చా? కారణాలు రాయండి.
3. మీ ఊరి కుమ్మరిని కలిసి, మట్టి ఎక్కడిది, ఆవం ఎంతసేపు మండుతుంది, ఎలా చల్లారుస్తారు అన్న వివరాలు సేకరించండి.