172233: మన ఊళ్లకు ఇంటర్నెట్ వచ్చిన దారి

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన బడి చరిత్ర, గురువుల చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేనొక చిన్న వస్తువు చరిత్ర రాస్తాను. అది అరచేతి వెడల్పున్న ఆకుపచ్చ కార్డు, కంప్యూటర్ లోపల బిగించే ఇంటర్నల్ మోడెమ్. దాని కూత మనలో చాలామందికి ఇంకా చెవుల్లో ఉంటుంది. ముందు డయల్ టోన్, తర్వాత నంబరు నొక్కిన చప్పుడు, ఆపైన కీచుమని అరుపులు, చివరికి నిశ్శబ్దం. నిశ్శబ్దం వచ్చిందంటే లైను కలిసినట్టే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారి మీది ఊళ్లు. పొద్దున బండెక్కితే బెంగళూరులో పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. కానీ ఫోను లెక్క వేరు. హిందూపురానికి 08556, పెనుకొండకు 08555, ధర్మవరానికి 08559. పక్క ఊరికి మాట్లాడాలన్నా ముందు ఎస్టీడీ కోడు తిప్పాల్సిందే. మన ఊళ్లకు ఇంటర్నెట్ ఆలస్యంగా రావడానికి కారణం కంప్యూటర్లు లేకపోవడం ఒక్కటే కాదు, ఈ ఫోను దూరం కూడా.

మోడెమ్ పనిచేయాలంటే ముందు మంచి టెలిఫోను ఎక్స్ఛేంజి ఉండాలి. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ, ఏసీ గది లేకపోయినా మన ఎండలకు, దుమ్ముకు తట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిని తయారు చేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిదాన్ని పెట్టారు. ఆ తర్వాత అలాంటివి దేశమంతటా చిన్న ఊళ్లకు చేరాయి. పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు వీధివీధికీ వచ్చాయి. రాత్రి రేటు తగ్గే వేళ కోసం బూతు ముందు కాచుకుని కూర్చున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అది మహానగరాల వాళ్లకు. మనం దాన్ని అందుకోవాలంటే బెంగళూరుకు ఎస్టీడీ కాల్ చేసి, లైను పట్టుకుని కూర్చోవాలి. ఎంతసేపు కూర్చుంటే అంత బిల్లు. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకూ ఇంటర్నెట్ ఇచ్చే అనుమతి దొరికింది. 2000 నాటికి అన్ని జిల్లా కేంద్రాలకూ ఇంటర్నెట్ అందాలని 1999 టెలికాం విధానంలో రాశారు. ఆ తర్వాత వచ్చిందే సంచార్‌నెట్. దాని నంబరు 172233. ముందు ఎస్టీడీ కోడు లేదు, లోకల్ కాల్ చార్జీ చాలు. మన ఊరిని లోకానికి దగ్గర చేసింది ఆ ఆరంకెలే అని నా నమ్మకం.

అప్పట్లో నేనూ నా సహాధ్యాయి ఒకడూ కలిసి హిందూపురంలో డీటీపీ షాపు నడుపుతున్నాం. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కొట్టేవాళ్లం. ఉన్నది ఒకే ఒక పాత పెంటియం, 32 ఎంబీ ర్యామ్, విండోస్ 98. మోడెమ్ కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి చవకలో దొరికిన కార్డు తెచ్చాం. అది పనిచేయలేదు. తప్పు మాదే. చవక కార్డుల్లో సగం పని చేసే చిప్పులే ఉండవు, ఆ పని కంప్యూటర్ ప్రాసెసర్ మీద పడుతుంది. మా పాత ప్రాసెసర్‌కు అంత సత్తువ లేదు. మళ్లీ రైలెక్కి, తన పని తానే చేసుకునే ఐఎస్ఏ కార్డు తెచ్చుకున్నాం.

మూత విప్పి స్లాటులో బిగించాం. డయల్ చేయగానే మౌసు బిగుసుకుపోయింది! రెండు రోజులకు గుట్టు తెలిసింది. మా మౌసు కామ్1 పోర్టు మీద ఉంది. మోడెమ్ కామ్3గా కూర్చుంది. పేర్లు వేరైనా రెండూ ప్రాసెసర్‌ను పిలిచే తీగ ఒక్కటే, ఐఆర్‌క్యూ 4. ఒకే గంటను ఇద్దరు కొడితే ఎవరికని పలుకుతుంది? బయాస్‌లోకి పోయి కామ్2 పోర్టును మూసేశాం. కార్డు మీది జంపర్లు మార్చి మోడెమ్‌ను కామ్2కు, ఐఆర్‌క్యూ 3కు పెట్టాం. మౌసు కదిలింది.

తర్వాత ఇంకో చిక్కు. 'డయల్ టోన్ లేదు' అని కంప్యూటర్ చెబుతోంది. ఫోను ఎత్తితే మాకు టోన్ చక్కగా వినబడుతోంది. మన ఎక్స్ఛేంజి టోన్ ఆ కార్డుకు అలవాటైన టోన్ కాదు. డయల్ టోన్ కోసం ఆగమనే గడిలో టిక్కు తీసేస్తే లైను కలిసింది. కార్డు పెట్టె మీద 56కె అని రాసుంది. మాకు 28,800 వస్తే పండగ. ఒక ఎంబీ దిగాలంటే ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాల్లో ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లకు ఎంగేజ్ టోనే.

2001 ఎండాకాలంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం షాపు ముందు జనం. పేపరు వచ్చేది మరుసటి పొద్దున. పెనుకొండ నుంచి ఒక పిల్లాడు హాల్ టికెట్ నంబరు చేతి మీద రాసుకుని వచ్చాడు. ఆఖరి బస్సు అందుకోవాలి. లైను నాలుగుసార్లు తెగింది. 'చూడన్నా, ఇంకొక్కసారి చూడన్నా' అని వాడు అడుగుతూనే ఉన్నాడు. ఐదోసారి పేజీ మెల్లమెల్లగా పైనుంచి కిందికి దిగింది. పాసయ్యాడు. నా దగ్గర డబ్బులడిగే నోరు రాలేదు. వాడు పరుగెత్తిన తీరు చూశాక, మేము రెండుసార్లు బెంగళూరు తిరిగిన ఖర్చు మరిచిపోయాం.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అది మన వీధులకు వచ్చేసరికి మోడెమ్ కూత ఆగిపోయింది. ఇంటర్నెట్టూ ఫోనూ ఒకే తీగ మీద ఒకేసారి నడవడం మొదలైంది. ఇవాళ మన బడి పిల్లలు జేబులో ఫోను పెట్టుకుని తిరుగుతున్నారు. సంతోషం. అయితే ఒక్క మాట. అప్పుడు ఏదైనా పనిచేయకపోతే మూత విప్పి చూసేవాళ్లం. జంపర్లు మార్చి నేర్చుకున్న మావాళ్లు కొందరు ఆ విద్యతోనే బెంగళూరులో ఉద్యోగాలు సంపాదించారు. మూత విప్పే అలవాటు పిల్లలకు పోకూడదని నా ఆశ.

ఆ ఐఎస్ఏ కార్డు నా దగ్గరే ఉంది. ఈ స్వర్ణోత్సవ వేళ దాన్ని మన బడి కంప్యూటర్ గదికి ఇస్తున్నాను. గురువులు దయచేసి అద్దాల బీరువాలో పెట్టవద్దు. పిల్లల చేతికివ్వండి, జంపర్లు ఊడదీసి చూడనివ్వండి.