తలగడలోని వ్రాతప్రతి

1812 ఫిబ్రవరి 5న అమెరికాలో అదోనీరాము జడ్సనుగారికిని ఆన్‌గారికిని వివాహమాయెను. రెండు వారములకే ఓడనెక్కి, 1813 జూలైలో బర్మాలోని రంగూను చేరిరి. ఇరువురును ఆ దేశభాష నేర్చుకొనిరి. మొదటి విశ్వాసి బాప్తిస్మము పొందుటకు 1819 వరకు కనిపెట్టవలసివచ్చెను. 1823లో జడ్సనుగారు క్రొత్త నిబంధన తర్జుమా ముగించిరి.

1824లో ఆంగ్లేయులకును బర్మా రాజునకును యుద్ధము రాగా, జడ్సనుగారిని వేగులవాడని అనుమానించి ఆవా పట్టణమందు చెరలో వేసి సంకెళ్లు తగిలించిరి. ఆన్‌గారు గర్భవతియై యుండియు అధికారుల వాకిళ్లు త్రొక్కి బతిమాలుచు, చెరసాలకు అన్నము చేర్చుచుండిరి. వ్రాతప్రతిని మొదట భూమిలో పాతిపెట్టిరి. చెమ్మకు చెడునని భయపడి, తలగడలో పెట్టి కుట్టి భర్తకు అందించిరి. అది గట్టి తలగడ గనుక ఎవరును ఆశింపలేదు. 1825లో ఖైదీలను వేరొక చోటికి తరలించినప్పుడు అది పోగా, మౌంగ్ ఇంగ్ అను బర్మా విశ్వాసి దానిలోనిది తీసి యింట దాచెను. ఆలాగున వ్రాతప్రతి దక్కెను.

1826 అక్టోబరు 24న ఆన్‌గారు 36 యేండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించిరి. అప్పుడు భర్త చెంత లేరు. బర్మా బైబిలు తర్జుమా 1834లో ముగిసెను.

ప్రియ చదువరులారా, తర్జుమా చేసినవారిని సంఘము తలచుకొనును. దానిని కాపాడిన ఇల్లాలిని కూడ తలచుకొందము. దైవసేవకుని ప్రక్కన పేరు లేక పాటుపడు ఇల్లాండ్రును ఆ సేవలో పాలివారే.