వృద్ధుల వైద్యం: కలిసి చదవడానికి పట్టిన కాలం

1935లో లండన్‌కు పశ్చిమాన ఉన్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, పక్కనే ఉన్న బీదల ఆశ్రమపు వైద్యశాలను తనలో కలుపుకుంది. అక్కడి 714 మంది రోగుల బాధ్యత మార్జరీ వారెన్ అనే వైద్యురాలికి వచ్చింది. వారిలో చాలామంది సరైన రోగనిర్ణయమే జరగక ఏళ్ల తరబడి మంచం పట్టిన వృద్ధులు. వారెన్ ఒక్కొక్కరినీ మళ్లీ పరీక్షించారు. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, సోషల్ వర్కర్ల తోడ్పాటుతో పలువురిని మంచం దించి నడిపించారు, కొందరిని ఇళ్లకు పంపగలిగారు. ఇటువంటి వార్డులు సాధారణ ఆసుపత్రుల్లోనే ఉండాలనీ, విద్యార్థులకు అక్కడ శిక్షణ ఇవ్వాలనీ 1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వాదించారు.

బృందం వార్డులో పుట్టింది, కళాశాలకు మాత్రం చాలా ఆలస్యంగా చేరింది. ఎవరి చదువు వారు విడిగా ముగించుకుని, రోగి మంచం దగ్గరే మొదటిసారి కలుసుకోవడం ఆనవాయితీగా కొనసాగింది. వృద్ధుల విషయంలో ఈ ఎడం ప్రమాదకరం. జారిపడిన ఒక వృద్ధురాలిని చూసినప్పుడు వైద్యుడికి విరిగిన ఎముక కనిపిస్తుంది. ఫార్మసిస్టుకు ఆమె రోజూ వేసుకునే నిద్రమాత. ఫిజియోథెరపిస్టుకు కాళ్ల బలహీనత. సోషల్ వర్కరుకు మేడ మీది ఒంటరి కాపురం. ఈ నాలుగూ ఒకచోట చేరకపోతే, ఎముక అతుక్కున్నా ఆమె మళ్లీ పడే అవకాశం అలాగే ఉంటుంది.

అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1972లోనే ఆరోగ్య బృందానికి ఉమ్మడి విద్య కావాలని సూచించింది. 1970ల చివర మాజీ సైనికుల ఆసుపత్రులు, 1990లలో జాన్ ఎ. హార్ట్‌ఫర్డ్ ఫౌండేషన్ వృద్ధుల సంరక్షణలోనే బృంద శిక్షణ ప్రారంభించాయి. హార్ట్‌ఫర్డ్ శిక్షణార్థుల అభిప్రాయాలపై 2002లో వెలువడిన పరిశీలన ఒక చిక్కును బయటపెట్టింది. బృందం రూపొందించిన చికిత్సా ప్రణాళికను మార్చే హక్కు వైద్యుడికి ఉందని రెసిడెంట్ వైద్యుల్లో సుమారు 80 శాతం భావించగా, నర్సింగ్, సోషల్ వర్క్ శిక్షణార్థుల్లో 35 నుంచి 40 శాతమే అంగీకరించారు.

అంటే ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన అధికారపు మెట్లు చెరగవు. అందుకే 2011లో అమెరికాలోని ఆరు వృత్తివిద్యా సంఘాలు కలిసి ప్రకటించిన నైపుణ్యాల్లో, ఇతర వృత్తుల పాత్రలనూ బాధ్యతలనూ తెలుసుకోవడానికి ప్రత్యేక స్థానం ఇచ్చాయి. సోషల్ వర్కరు గమనించిన మేడమెట్లు వైద్యుడి నిర్ణయంలోకి రావాలంటే, ఆ మాటకు విలువ ఉందని వైద్యుడు విద్యార్థి దశలోనే నేర్చుకుని ఉండాలి.